ప్రీపోన్

బౌద్ధనగర్ అద్దె గదుల్లో ఉంటూ ఉస్మానియాలో చదివే పిల్లలకు పరీక్షల ‘పోస్ట్‌పోన్’ చల్లని కబురు, ‘ప్రీపోన్’ నెత్తిన పిడుగు. లాటిన్‌లో ‘పోనెరె’ అంటే పెట్టడం, ‘పోస్ట్’ అంటే తర్వాత. పోస్ట్‌పోన్‌కు ఎదురుమాటగా ‘ప్రీ’ చేర్చి కట్టిందే ప్రీపోన్. మనవాళ్ల తప్పుడు ఇంగ్లీషని కొందరు కొట్టిపారేస్తారు. కానీ 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన ఒక ఉత్తరంలో ఈ మాట కనిపిస్తుంది. రోజువారీ వాడుకలో నిలబెట్టింది మాత్రం మన దేశమే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువూ చోటిచ్చింది. ఇంత పనికొచ్చే మాటను జంకుతూ వాడాల్సిన పనిలేదు.

వెనక్కి జరపడానికి మనకు ‘వాయిదా’ ఉంది. మాట ఇవ్వడమనే అర్థమున్న అరబ్బీ పదం ఉర్దూ మీదుగా ఇలా స్థిరపడింది. ముందుకు జరపడానికి అంత వాడుకలో ఉన్న ఒంటి మాట లేదు. ‘పరీక్ష ముందుకు జరిపారు’ అంటే, ‘తొందరగానా, ఆలస్యంగానా?’ అని మళ్లీ అడగాలి. ‘పన్నెండున ఉండాల్సింది, ఎనిమిదికి ప్రీపోన్ చేశారన్నా’ అంటే ఇక అడిగేదేమీ ఉండదు.

తెలుగు ‘ప్రీపోన్’కు ‘చేయు’, ‘అవు’ తగిలించి సొంతం చేసుకుంది. అధికారుల మీద కోపముంటే ‘ప్రీపోన్ చేశారు’, వచ్చిపడిందనుకుంటే ‘ప్రీపోన్ అయింది’.