వేసవిలో కోడిపిల్లల సంరక్షణ

బళ్లారి, రాయచూరు సీమలలో వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే దానికున్న ముఖ్యమైన ఉపాయం. అయినను తల్లిలేని పిల్లలకు మొదటి వారం 32 నుండి 35 డిగ్రీల వెచ్చదనం కావలెను. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఆ మాట పట్టుకొని చాలామంది మే నెల మధ్యాహ్నం సైతం బల్బు వెలిగించి, గంపపై గోనెపట్టా కప్పుతారు. నేనును ఒక ఏడు అట్లే చేసి బడికి పోయి, తిరిగి వచ్చేసరికి ఐదు పిల్లలను పోగొట్టుకొన్నాను.

ఉష్ణమాపకం లేకున్నను పిల్లలను చూచి తెలుసుకొనవచ్చును. బల్బు క్రింద గుమిగూడితే చలి. దూరంగా జరిగి, రెక్కలు వ్రేలాడవేసి రొప్పితే ఉక్క. వెంటనే బల్బు ఆర్పి, గంపను వేపచెట్టు నీడకు చేర్చవలెను. నీడ జరిగిన కొలది గంపనూ జరపవలెను. తడిగోనెను గాలి వచ్చు వైపున కొంచెం ఎడంగా వ్రేలాడదీయవచ్చును గాని గంపను మూయరాదు. లోతులేని మట్టిమూకుడులో నీరు పోసి, పిల్లలు మునగకుండ గులకరాళ్లు వేసి, ఎండపూట రెండుమూడు సార్లు మార్చవలెను. మేత అరుగునప్పుడు ఒంటి వేడి పెరుగుతుంది గనుక ఉదయ సాయంకాలములందే పెట్టవలెను.

కొక్కెర తెగులు టీకా మొదటి వారం చివర, చల్లని పూటనే వేయించవలెను. మన పశువైద్యశాలలలో దీనిని ‘కొక్కరె రోగ’ అంటారు. మందును మంచుగడ్డల నడుమ ఉంచి తేవలెను. ఎండ తగిలిన మందు వేసినా వేయనట్లే.