హస్తలో కొత్త చుక్కల పంట

వేసవిలో, ఏప్రిల్ నెలాఖరున, బండి ఆత్మకూరు మిద్దెలపై పడుకొన్నవారికి తూర్పున నల్లమల కొండల మీదుగా లేచిన హస్తా నక్షత్రం రాత్రి పది గంటల వేళకు దక్షిణాన ఆకాశంలో సగానికి పైగా ఎక్కి కనబడుతుంది. ఆ హస్తకు చేరువలో, కంటికి ఆనకుండా, రెండు నక్షత్రకూటములు ఒకదానితో ఒకటి పెనగులాడుచున్నవి. 1785 లో విలియం హెర్షెల్ దూరదర్శినిలో ఇవి మసకగా ఒక మచ్చవలె తోచినవి. మన నుంచి వీటి దూరం 6, 7 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఈ చోటుతో తెలుగుదేశానికి ఒక పాత బంధుత్వం ఉన్నది. నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో 1901 లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908 లో నిజాం ప్రభుత్వం అధీనంలోకి వచ్చినది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొని నక్షత్రాల పట్టిక తయారుచేయ పూనుకొన్నప్పుడు, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీ బేగంపేటకు వచ్చినది. ఆర్. జె. పోకాక్, 1918 నుంచి టి. పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఛాయాచిత్రపు గాజుపలకలపై చుక్క చుక్కకు స్థానం కొలిచినారు. హస్తలోని ఈ జంట దక్షిణంగా 19 డిగ్రీల దాపున, సరిగా ఆ పట్టీలోనే ఉన్నది. అయితే వారు లెక్కించినది నక్షత్రాలను. మసక మచ్చలతో వారికి పని లేదు.

పెద్ద దూరదర్శినులతో తీసిన చిత్రాలలో ఈ జంట నుంచి రొయ్య మీసాలవంటి రెండు పొడుగాటి తోకలు బయటపడినవి. వీటినిబట్టే దీనికి ‘యాంటెన్నా’ అని పేరు. ఆ తోకలు ఎట్లు పుట్టినవి? ఆకర్షణశక్తి అంత సన్నని దారాలు లాగలేదని చాలామంది వాదించినారు. 1972 లో ఆలార్ టూమ్రి, జూరి టూమ్రి అను సోదరులు కంప్యూటరుపై లెక్క కట్టినారు. ఒక్కొక్క కూటమిని నడుమ ఒక బరువుగా, దాని చుట్టూ తిరుగు రేణువుల వలయాలుగా భావించి, రెండింటినీ దగ్గరగా నడిపించి చూచినారు. చంద్రుడు సముద్రానికి పోటు తెప్పించినట్లే, ఒకటి మరొకదానిని సాగదీసినది. తోకలు వచ్చినవి! వాదం తీరినది.

అంత పెద్ద ఢీకొనుటలో నక్షత్రాలు నక్షత్రాలకు తగులవు. వాటి నడుమ ఎడం అంత ఎక్కువ. తగులునది వాయు మేఘాలు. అవి నలిగి, చిక్కబడి, ఒక్కసారిగా నక్షత్రాలను కనుచున్నవి. ఇట్టి కూటమినే శాస్త్రజ్ఞులు ‘స్టార్‌బర్స్ట్ గెలాక్సీ’ అందురు. హబుల్ దూరదర్శిని తీసి, 1997 లో వెల్లడియైన చిత్రంలో వెయ్యికి పైగా లేత నక్షత్రగుచ్ఛాలు కనబడినవి. నీలపు కాంతి కొత్త నక్షత్రాలది. గులాబి మెరుపు వాటి వేడికి వెలుగు హైడ్రజనుది. గోధుమరంగు చారలు ధూళివి. ధూళి చాటున పుట్టిన నక్షత్రాలు మామూలు చిత్రాలలో కనబడవు. వాటి వేడి పరారుణ కిరణాలుగా మాత్రమే బయటికి వస్తుంది. అందువల్లనే 1983 లో పరారుణ ఉపగ్రహం ఐరాస్ ఎగిరిన పిమ్మటగాని ఇట్టి కూటములు విశ్వంలో ఎన్ని ఉన్నవో తెలియలేదు.

ఈ పంట ఎల్లకాలం పండదు. వాయువు అంతా నక్షత్రాలకే ఖర్చగును. బరువైన నక్షత్రాలు కొన్ని పదుల లక్షల సంవత్సరాలలోనే పేలి, మిగిలిన వాయువును చెదరగొట్టును. మనం నేడు చూచు వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు భూమిపై మనిషే లేడు.