నల్లగొర్రె ఇచ్చిన గొంగడి

‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అని సామెత. ఏరితే ఒడిసేవి కావు మరి. దక్కనీ నల్లగొర్రె బొచ్చు మోటుది, నేశాక కూడా కొసలు లేచే ఉంటాయి. 24 మైక్రాన్లు దాటని మెరినో పోగులా మెత్తగా ఉండదు, ఒంటికి గుచ్చుకుంటుంది. అయితే ఆ బొచ్చులోని కొవ్వు వాననీటిని చప్పున లోపలికి దిగనివ్వదు. అందుకే మంద వెంట తిరిగే మనిషికి గొంగడి పగలు ముసుగు, రాత్రి పడక.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల కురుమలకు ఇది ఇంటిల్లిపాది పని. గొర్రెలను చెరువులో కడిగి, కత్తెరతో బొచ్చు తీస్తారు. చిక్కు విప్పి, విల్లుతో ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. అసలు మెళకువ పడుగులో ఉంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి చేసి ఉడికించిన గంజిని పెద్ద కుంచెతో పడుగంతా బారుగా రుద్దుతారు. లేచిన నూగు అణిగి, పోగు బిరుసెక్కి, గుంత మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. నలుపు గొర్రెదే కాబట్టి రంగు అద్దే పని లేదు.

కురుమల కులదైవం బీరప్ప కొలువుల్లో గొంగడికి చోటుంది. గద్దర్ భుజాన అది పాటకు గుర్తయింది. గౌరవం పెరిగింది గానీ గొర్రె తగ్గింది. మాంసానికి ధర పలికేకొద్దీ కాపరులు ఉన్ని లేని నెల్లూరు జాతికి మళ్లారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. ఆ పథకంలో కూడా చూసింది మాంసాన్నే. చాలాచోట్ల బొచ్చు అమ్మితే కత్తిరించిన కూలి కూడా గిట్టదు.

మగ్గాలకు ఎంత సాయం చేసినా, మందలో నల్లగొర్రె లేనిదే గొంగడి లేదు. బొచ్చుకు ధర కట్టి కొనే ఏర్పాటు ముందు కావాలి. మీరు కొనేటప్పుడు ఒక పోగు లాగి కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసనొచ్చి, నలిపితే పొడి అయితే ఉన్ని. కరిగి గట్టి ముద్ద కడితే పాలిస్టర్.