జంతుపాలకుల శిష్యరికము

వినుకొండకు అనతిదూరమున, నల్లమల తూర్పు కొండలు పల్లపు భూములలోనికి దిగివచ్చుచోట నున్న బొల్లాపల్లి మండలమునందు జంతుప్రదర్శనశాల లేదు. అచటివా రెరిగినవి మిరప చేలు, ప్రత్తి చేలు, బండ్లమోటు సీసపు గనులు, లంబాడీ తండాలు, చెంచుల గూడెములు, వాని కావల అడవి. అయినను ఆ యూళ్లలో చదువు ముగించిన బాలుడొకడు పులులను, ఎలుగులను సాకు నుద్యోగమున చేరవలెనని తలంచినచో ఆ విద్య నెచట, నెవరికడ నేర్వవలెను? నేటివారు విశాఖపట్టణమును, తిరుపతిని చూపుదురు. ఆ శాలలు నిన్న మొన్నటివి. విద్య మాత్రము మిక్కిలి ప్రాచీనము. గ్రంథమునకు, పరీక్షకు, పట్టాకు బహుకాలము లొంగక, పెద్దవాని వెనుక చిన్నవాడు చీపురును బొక్కెనను పట్టి నడచుటచేతనే తరతరములకు సంక్రమించిన విద్య యిది. దీనికి చరిత్ర వ్రాయబూనినవాడు రాజుల శాసనములకంటె పశువుల కొట్టములను ఎక్కువగా వెదకవలసియుండును.

పలనాటిలో అట్టి కొట్టములకు కొదువ లేదు. కారెంపూడిలో ఏటేట కార్తికమాసాంతమున జరుగు వీరుల యుత్సవమున ఐదు దినములకు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేళ్లు. ఐదింటిలో రెండు దినములు మూగజీవుల పేర వెలసినవే యనుట గమనింపదగినది. నాయకురాలి శివంగిడేగ, బ్రహ్మనాయని చిట్టిమల్లు అను కోడిపుంజులు పోరాడిన కథను ఎరుగని పలనాటివాడు లేడు. కాని ఆ కోళ్లను పెంచి, మేపి, బరికి దింపినవారి పేళ్లను అడిగినవాడును లేడు. కోడి రంగును, ఈకను, కాలి గోరును బట్టి డేగ, కాకి, నెమలి, సవల, పర్ల యని జాతులు విభజించి, ఏ దినమున దేనికి బలమో లెక్కకట్టు కుక్కుటశాస్త్రమొకటి తెలుగునాట పుట్టినది. అందలి తిథివార గణనము నమ్మదగినది కాదు. పందెము నిషిద్ధ మగుటయు న్యాయమే. అయినను ఆ పెంపకములోని కొంత భాగము నేటి పశువైద్యుడును కాదనడు: పుంజును మందనుండి వేరుచేసి యుంచుట, గింజను కొలిచి పెట్టుట, ఈదించి అలవాటుచేయుట, తెల్లవారుజామున రెట్టను పరీక్షించి జీర్ణశక్తి నెరుగుట. ఈ చివరి పని యొక్కటే చాలు. నేడు జంతుశాలలో చేరిన నూతన శిష్యునికి మొదటివారములో నేర్పునదియు నదియే.

అడవియంచు చెంచులది వేరొక విద్య. వారు మృగములను బంధించి పెంచినవారు కారు, చూచి తెలిసికొనినవారు. ఆకు నలిగిన తీరును బట్టి ఏ జంతువు ఎప్పుడు నడచిపోయినదో చెప్పగల చూపు వారిది. నిజాము రాష్ట్రపు నల్లమలలో వారితో నివసించి, వారి జీవితమును గూర్చి 1943లో గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వారిని అడవితో మమేకమైన జనముగా వర్ణించెను. జంతుపాలనమునకు చేయి ఎంత ముఖ్యమో కన్ను అంతకంటె ముఖ్యము. ఆ కన్ను పాఠశాలలో పుట్టదు.

పాలనావ్యవస్థగా ఈ వృత్తి రూపొందుటను కౌటిల్యుని అర్థశాస్త్రమున చూడవచ్చును. హస్త్యధ్యక్షుని ప్రకరణమున ఏనుగునకు వైద్యుడు, శిక్షకుడు, ఆరోహకుడు, ఆహారము వండువాడు, గడ్డి తెచ్చువాడు, కాలి సంకెల వేయువాడు, శాలను కాచువాడు, రాత్రి ప్రక్కన పరుండువాడు అని పరిజనమును విభజించి, శాలను శుభ్రము చేయకున్నను, మేత పెట్టకున్నను, కటికనేలపై పరుండజేసినను, కొట్టరాని తావున కొట్టినను జరిమానా విధింపవలెనని నియమించెను. కాకతీయుల కాలమున గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయప సేనాని నృత్తరత్నావళి రచించి శాశ్వతకీర్తి నందెను. అతని క్రింద ఏనుగులకు స్నానము చేయించిన మావటీల పేరొకటియు మనకు దక్కలేదు. అధిపతి పేరు గ్రంథమునకు, సేవకుని పేరు గాలికి: ఈ వృత్తికి తొలినుండియు నిదే వాలకము.

ఆధునిక జంతుప్రదర్శనశాల మనకు మదరాసు దారిని వచ్చినది. ఎగ్మూరు మ్యూజియము ఆవరణలో ఎడ్వర్డు బాల్ఫరు 1855లో జంతుశాల స్థాపించెను. తరువాత అది పీపుల్స్ పార్కునకు, 1985లో వండలూరునకు తరలినది. పలనాడు ఆనాడు మదరాసు రాజధానిలోనిది గనుక, పట్టణమునకు పోయివచ్చిన రైతు చెప్పిన సింహపు ముచ్చట ఇచటి పల్లెలలో కొన్నాళ్లు కాలక్షేపమై యుండును. కాని అచట పనిచేయువానికి శిక్షణ యనునది లేదు. జంతువు పైబడినప్పుడు తప్పించుకొనినవాడు అనుభవశాలి, తప్పించుకొనలేనివాడు గతించినవాడు. ఈ దుస్థితిలో తొలి మార్పు కలకత్తాలో కలిగెను. కంటిజబ్బుచేత వైద్యవిద్య చాలించుకొనిన రామబ్రహ్మ సన్యాల్ అను యువకుడు తన గురువైన జార్జి కింగు ప్రాపున 1876లో ఆలీపూరు జంతుశాలలో చిన్న పనిలో చేరి, క్రమక్రమముగా దాని తొలి భారతీయాధ్యక్షుడయ్యెను. 1889లో అచట సుమత్రా ఖడ్గమృగము ఈనెను. ఆయన 1892లో ప్రకటించిన గ్రంథము, చెఱలోని జంతువుల యాహారము, వ్యాధి, ప్రసవము, స్వభావము మొదలగువానిని జాతివారీగా వివరించినది. నా యభిప్రాయమున భారతదేశమున జంతుపాలకుని పాఠ్యపుస్తక మనదగినది అప్పుడు పుట్టెను. అయినను అది చదువుకొన్న అధ్యక్షుని చేతిలోనిదే; బోను కడిగినవానికి చదువు లేదు గనుక వానికి అది అందలేదు.

తెలుగునాట హైదరాబాదు బాగె ఆమ్ తోటలోని నిజాము కాలపు జంతువులే తరువాతి నెహ్రూ జంతుప్రదర్శనశాలకు మూలధనమైనవి. మీర్ ఆలం చెరువు చెంత 380 ఎకరములలో ఆ శాల 1963 అక్టోబరు 6వ తేదీన ప్రారంభమైనది. ఇనుప ఊచలకు బదులు కందకములను త్రవ్వి జంతువును విశాలస్థలమున చూపించు పద్ధతి, జర్మనీలో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో స్టెల్లింగెన్‌లో ప్రవేశపెట్టినది, మనకు నచ్చినది. దానితోపాటు పాలకుని పనియు మారెను. ఊచలలోని పులి ఎల్లప్పుడు కంటి ముందుండును. కందకమునకావలి పులి పొదచాటున పరుండును, దానిని వెదకి లెక్కించుట యొక పని. విశాఖపట్టణమున 1977లో, తిరుపతిలో 1987లో శాలలు వెలసెను. తిరుపతి శాల శేషాచలపు అడవి యంచున 5,532 ఎకరములలో పరచుకొనియున్నది.

అట్టి శాలలో నూతనముగా చేరిన శిష్యుని దినచర్యను కొంత చెప్పవలెను. ఈ వృత్తి సారమంతయు నందే యున్నది. సూర్యోదయమున తాళములను, పిదప తలలను లెక్కించుట, రాత్రి మిగిలిన మాంసమెంతో, మలము గట్టిదో పలుచనిదో చూచి పెద్ద పాలకునికి చెప్పుట, కప్పీకి కట్టిన తాడుతో నడిమి తలుపునెత్తి మృగమును రాత్రిగదినుండి బయటికో, బయటినుండి గదిలోనికో మార్చుట, ఆ తలుపు పూర్తిగా దిగినదని తన కన్నులార చూచి, తాళము వేసి, గుంజి పరీక్షించి, అప్పుడు చీపురుతో లోపల నడుగిడుట. ద్వారమున పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిలో పాదములు తడిపిన గాని ఒక ఆవరణనుండి వేరొక ఆవరణకు పోరాదు. పులికి సాయంకాలమున దినమునకు 8 కిలోలకు మించిన మాంసము. వారమున కొకనాడు ఉపవాసము, అడవిలో ప్రతిదినము వేట దొరకదు గదా. సాధారణముగా జింకలతోను పక్షులతోను మొదలిడి, చాలకాలమునకు గాని మాంసాహారుల తాళపుచెవి శిష్యుని చేతికి రాదు. నేర్పువాడు తక్కువ మాటలాడువాడు. విసిగిన శిష్యుడు తొందరపడువాడు. విశాఖపట్టణమున 2023 నవంబరులో యువకుడగు పాలకుడొకడు ఎలుగుబంటిచేత హతుడైన సంగతి ఈ పనిలోని అపాయమును దేశమునకు మరల చూపినది.

చట్టము ఆలస్యముగా వచ్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో సవరణ చేసి జంతుశాలల ప్రకరణము చేర్చిరి. 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడెను. అటుపిమ్మటనే శాలలకు గుర్తింపు నియమములు, వైద్యునకు ప్రయోగశాల, పాలకులకు తరగతులు కలిగినవి. ఏనుగు శాల శుద్ధిలేకున్న జరిమానా యని వ్రాసిన దేశమున, పాలకునికి తరగతి యను నాలోచన కుదురుటకు ఇన్ని శతాబ్దులు పట్టినది.

ఇంతలో నల్లమల తానే ఒక క్రొత్త పాఠము పెట్టినది. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల ప్రాజెక్టులో చేరిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవికి చేరువగా, 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురమున తల్లికి దూరమైన నాలుగు ఆడ పులికూనలు దొరకెను. అటవీశాఖవారు తల్లి జాడ వెదకి, వానిని దానికడ చేర్చ యత్నించి, ఫలింపనందున తిరుపతి శాలకు చేర్చిరి. పాలు, కాలేయపు ముక్కలు పెట్టి చేతులతో సాకవలెను. కాని అడవికి మరల పంపదలచినచో ఆ చేతులను అవి ఎరుగరాదు. మనుష్యుని గంధమున కలవాటు పడిన పులి అడవిలో వేటాడలేదు. ఊరి పశువులమీదికి వచ్చును. ఇంతవరకు జంతువు తన్ను గుర్తుపట్టవలెనని కోరిన పాలకుడు, ఇప్పుడు తన్ను అది చూడకుండ, తన గొంతు వినకుండ, చాటునుండి మేత పంపి, జీవమున్న వేటను విడిచి, దూరమునుండి కనిపెట్టవలసివచ్చెను. దానికి కావలసిన నిశ్చలత్వము, గాలివాటు నెరిగి నిలువగల యోర్పు, బొల్లాపల్లి అడవియంచు చెంచుగూడెముల పిల్లలకు పదియేండ్లకే అలవడును; పులుల రక్షణపు కాపలాకు వారిని అటవీశాఖ ఇప్పటికే తీసికొనుచున్నది గనుక, తిరుపతి శాలలోని శిక్షణకును వారిలో కొందరిని పిలిచినచో వారికి జీతము దొరకును, శాలకు గురువులు దొరకుదురు.