వెన్న డబ్బా నుంచి కోడిగుడ్డంత బరువు దాకా: మౌస్ కథ

చీర కొనేటప్పుడు జరీ చూస్తాం, నేత చూస్తాం, అంచు తిప్పి వెనక దారాలు చూస్తాం. ధర ఎందుకు ఎక్కువో, ఎందుకు తక్కువో మనకో అంచనా ఉంటుంది. కంప్యూటర్ మౌస్ దగ్గరికి వచ్చేసరికి ఆ అంచనా ఏదీ పనిచేయదు. నాలుగు వందలకీ ఉంది, పదివేలు దాటీ ఉంది. రెండూ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్కలే, రెండూ తెర మీద బాణం గుర్తునే కదుపుతాయి. పైగా ఎక్కువ డబ్బు పోస్తే వచ్చేది తక్కువ బరువు! బంగారం కొట్లో ఇలా అంటే మనం ఊరుకుంటామా?

ఈ తేడా ఏమిటో ప్రకటనలు చదివితే బోధపడలేదు. మౌస్ ఎలా పుట్టిందో చదివితే కొంత బోధపడింది. దాని చరిత్రంతా రెండే ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. చెయ్యి ఎంత మోయగలదు, పర్సు ఎంత మోయగలదు?

1960ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు ఉండేవారు. కంప్యూటర్ అంటే కార్డులకు చిల్లులు పొడిచి లోపలికి పంపే రోజులవి. తెర మీద కనిపించే మాటను మనిషి వేలితో చూపించినంత తేలిగ్గా చూపించగలగాలని ఆయన పట్టుదల. కాగితం మీద గీసిన ఆకారం వైశాల్యాన్ని చక్రం దొర్లించి కొలిచే ప్లానిమీటర్ అనే పాత పరికరం నుంచి ఆయనకు ఆలోచన వచ్చింది. 1964లో సహోద్యోగి బిల్ ఇంగ్లిష్ దాన్ని తయారు చేశారు. చిన్న చెక్క పెట్టె, పైన ఒక మీట, కింద ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా తిరిగే రెండు చక్రాలు, తోకలాగా ఒక తీగ. దానికి మౌస్ అని ఎవరు పేరు పెట్టారో తమలో ఎవరికీ గుర్తులేదని ఎంగెల్‌బార్ట్ తర్వాత చెప్పారు. ఇంట్లో పిల్లల ముద్దుపేర్లూ అంతే కదా, ఎవరు మొదలుపెట్టారో తెలీదు, అదే స్థిరపడిపోతుంది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత వాళ్ళు చేసిన పని. మేం కనిపెట్టాం కాబట్టి మాదే గొప్ప అనుకోలేదు. తెర మీద గీసే లైట్ పెన్, జాయ్‌స్టిక్, మౌస్, ఇలా దొరికినవన్నీ పక్కపక్కన పెట్టి మనుషుల చేత వాడించి, ఎవరికి ఎంత సమయం పట్టింది, ఎన్ని తప్పులు వచ్చాయి అని లెక్క రాసుకున్నారు. అందులో బల్ల కింద అమర్చి మోకాలితో కదిపేది కూడా ఒకటుంది. పెద్ద కుట్టు మిషన్లలో పాదాన్ని మోకాలితో పైకెత్తే ఏర్పాటు చూసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. కొత్తవాళ్ళు మోకాలి పరికరంతో బాగానే చేశారట! అలవాటు పడ్డవాళ్ళకు మాత్రం మౌసే ముందుంది. లైట్ పెన్‌కి చెయ్యి ఎత్తి తెర దాకా తీసుకెళ్ళాలి, రోజంతా చేస్తే భుజం లాగుతుంది. మౌస్‌కి చెయ్యి బల్ల మీదే ఉంటుంది. బరువు సంగతి ఇవాళ్టి గేమర్లు కనిపెట్టింది కాదు, ఆ బల్ల దగ్గరే మొదలైంది.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యి మంది ముందు ఎంగెల్‌బార్ట్ గంటన్నర పాటు దాన్ని వాడి చూపించారు. 1970లో పేటెంట్ వచ్చింది, కానీ అది సంస్థ పేరున ఉండేది. ఆయనకు రాయల్టీ ఏమీ రాలేదు. ఆపిల్ కంపెనీకి వాడుకునే హక్కు సుమారు 40,000 డాలర్లకు ఇచ్చేశారని తర్వాత తెలిసిందని ఆయనే చెప్పారు. ప్రపంచమంతా మౌస్ పట్టుకునే సమయానికి, అంటే 1987కల్లా, ఆ పేటెంట్ గడువే తీరిపోయింది. వంట చేసిన మనిషికి చివర్లో గిన్నె అడుగు మిగలడం మనకు కొత్త కాదనుకోండి. 1997లో మాత్రం లెమెల్సన్-ఎంఐటీ బహుమతిగా ఆయనకు 5 లక్షల డాలర్లు వచ్చాయి.

బిల్ ఇంగ్లిష్ తర్వాత జిరాక్స్ పరిశోధన కేంద్రానికి వెళ్ళి, రెండు చక్రాల బదులు బంతి పెట్టిన మౌస్ తయారు చేశారు. 1979లో స్టీవ్ జాబ్స్ అక్కడికి వచ్చి అన్నీ చూశారు. అక్కడే పనిచేసే ఏడెల్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, మన సొత్తంతా వీళ్ళకి చూపించేస్తే ఎలా అని గట్టిగా అడ్డుపడ్డారు. పై అధికారులు వినలేదు. తర్వాత ఏమైందో లోకమంతా చూసింది.

జాబ్స్ ఆ మౌస్‌ని అలాగే కాపీ కొట్టలేదు. కొట్టినా లాభం లేదు, జిరాక్స్ మౌస్ తయారీకి 300 డాలర్లు అయ్యేది, పైగా తొందరగా పాడయ్యేది. డీన్ హోవీ అనే కుర్ర డిజైనర్‌ని పిలిచి, 15 డాలర్లలో తయారు కావాలి, రెండేళ్ళు మన్నాలి, మామూలు బల్ల మీద పనిచేయాలి అన్నారు. హోవీ చేసిన మొదటి పని బజారుకి వెళ్ళడం. డియోడరెంట్ సీసా మూతికింద తిరిగే బంతి కోసం కొన్ని సీసాలు, బొమ్మకి పైకప్పుగా ఒక వెన్న డబ్బా కొన్నారు. మొదటి నమూనా వాటితోనే. చదువుతూ గట్టిగా నవ్వాను. అయిపోయిన డబ్బాలు పారేయకుండా దాస్తున్నానని మా ఇంట్లో నన్ను ఆట పట్టిస్తుంటారు మరి.

అసలు తెలివి డబ్బాలో లేదు. జిరాక్స్ మౌస్ ఖరీదు దాని సున్నితమైన అమరికలో ఉంది. హోవీ బృందం బంతిని గట్టిగా పట్టి ఉంచే ఏర్పాట్లన్నీ తీసేసి స్వేచ్ఛగా దొర్లనిచ్చింది. కింద చిన్న మూత తిప్పితే బంతి బయటికొచ్చేలా చేసింది. ఆ మౌస్ 1983లో లీసా కంప్యూటర్‌తో, మరుసటేడు మకింతోష్‌తో వచ్చింది. అనవసరమైనది ఏదో తెలుసుకుని తీసేయడం వల్ల ధర తగ్గింది. ఈ మాట గుర్తుంచుకోండి, కొనేటప్పుడు పనికొస్తుంది.

ఆ మూత తిప్పడం మన తరానికి బాగా తెలుసు. అమీర్‌పేటలోనో, మీ ఊళ్ళో బస్టాండు దగ్గరి ఇన్‌స్టిట్యూట్‌లోనో కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నవాళ్ళు ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. బాణం గుర్తు మొరాయిస్తే మౌస్ వెల్లకిలా తిప్పి, బరువైన రబ్బరు బంతి అరచేతిలో వేసుకుని, లోపలి చిన్న రోలర్ల మీద చుట్టుకున్న నల్లటి మురికిని గోటితోనో పిన్నీసుతోనో గీకేవాళ్ళం. బంతి ఎవరో ఎత్తుకుపోతే ఆ రోజుకి క్లాసు లేనట్టే. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చి ఈ గొడవ తీర్చింది. అడుగున ఎర్ర దీపం, ఒక చిన్న కెమెరా. సెకనుకు 1500 సార్లు బల్లను ఫొటో తీసి, ముందు ఫొటోకీ ఈ ఫొటోకీ తేడా చూసి ఎటు కదిలిందో తేల్చుకుంటుంది. ఇవాళ సెన్సర్ అంటున్నది దాని వారసుణ్ణే.

ఇక ఆటలు. 1996లో క్వేక్ అనే ఆట వచ్చాక, ఎడమ చేత్తో కీబోర్డు మీద నడవడం, కుడి చేత్తో మౌస్ కదిపి చుట్టూ చూడడం స్థిరపడింది. 1997లో ఆ ఆట పోటీ గెలిచిన డెన్నిస్ ఫాంగ్ అనే కుర్రాడికి, ఆట తయారు చేసిన జాన్ కార్మాక్ తన సొంత ఫెరారీ కారు బహుమతిగా ఇచ్చారు. 1999లో రేజర్ బూమ్‌స్లాంగ్ పేరుతో ఆటల కోసమే చేసిన మౌస్ అమ్మకానికి వచ్చింది.

ఇక్కడే బరువు గొడవ మళ్ళీ వస్తుంది. గురి బాగా కుదరాలంటే బాణం నెమ్మదిగా కదిలేలా పెట్టుకోవాలి. అలా పెట్టుకుంటే చేతిని జానెడు, రెండు జానలు జరపాలి. చోటు అయిపోతే మౌస్‌ని ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాలి. ఒక ఆటలో ఇలా కొన్ని వందల సార్లు. రోట్లో పొత్రం తిప్పడానికీ, చేత్తో పూరీలు ఒత్తడానికీ ఉన్న తేడా ఎలాంటిదో ఇక్కడ గ్రాముల తేడా అలాంటిది. కంపెనీలకు మాత్రం చాలా కాలం ఇది పట్టలేదు. 2005లో వచ్చిన లాజిటెక్ జీ5 మౌస్‌లో అదనంగా వేసుకోవడానికి చిన్న బరువు బిళ్ళలు ఇచ్చారు. బరువుంటేనే ఖరీదైన వస్తువనే భ్రమ మన స్టీలు సామాను కొట్లోనే కాదు, అక్కడా ఉంది.

తీగ లేని మౌస్ 1984లోనే లాజిటెక్ తెచ్చింది, ఇన్‌ఫ్రారెడ్‌తో. 1991లో రేడియో తరంగాలతో పనిచేసేది వచ్చింది. ఆటగాళ్ళు వాటిని దగ్గరికి రానివ్వలేదు. బ్యాటరీ మిగల్చడం కోసం మౌస్ కునుకు తీసేది, పైగా పెద్ద సెల్స్‌తో బరువు. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కి కబురు పంపుతుంది, గేమింగ్ మౌస్ 1000 సార్లు. అంటే కబురుకీ కబురుకీ మధ్య 8 మిల్లీ సెకన్ల బదులు ఒక్కటే. తీగ లేకుండా ఆ వేగం నమ్మకంగా రావడానికి 2010లు గడవాల్సి వచ్చింది. తక్కువ కరెంటుతో పనిచేసే సెన్సర్లు వచ్చాక చిన్న బ్యాటరీ సరిపోయింది, దాంతో బరువూ తగ్గింది.

2018లో ఫైనల్‌మౌస్, మరుసటేడు గ్లోరియస్ మోడల్ ఓ, పైకప్పంతా జల్లెడలా చిల్లులు పెట్టి 67 గ్రాములకు దించాయి. అవి తీగ ఉన్నవే. 2020లో లాజిటెక్ చిల్లులు లేకుండా, తీగ లేకుండా 63 గ్రాముల లోపు మౌస్ తెచ్చింది, ధర 150 డాలర్లు. ఒక పెద్ద కోడిగుడ్డంత బరువు! అప్పటికి రెండేళ్ళ ముందే అదే కంపెనీ అదే కుటుంబం సెన్సర్‌తో 60 డాలర్లకే జీ305 అమ్మింది, మన దగ్గర జీ304 పేరుతో దొరుకుతుంది. సెల్‌తో కలిపి 99 గ్రాములు. అంటే మనం అదనంగా ఇచ్చే 90 డాలర్లలో ఎక్కువ భాగం ఆ ముప్పై ఆరు గ్రాములకే అన్నమాట. ఆ తర్వాత చైనా కంపెనీలు తైవాన్‌కి చెందిన పిక్సార్ట్ సెన్సర్లు పెట్టి 60 గ్రాముల లోపు వైర్‌లెస్ మౌస్‌లు చాలా తక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టాయి. జిరాక్స్ 300 డాలర్లు 15 అయిన కథే మళ్ళీ.

మా ఇంట్లో దీని మీద చర్చ నడుస్తోంది, అడిగింది అమ్మాయి, గీసిన గీత 3000 రూపాయలు. ఇద్దరం కూర్చుని చరిత్రలో ఒక్కో మెట్టుకీ మేం ఎంత ఇవ్వాలో లెక్క వేసుకున్నాం. కబురు వేగానికి ఇవ్వాలి. అంటే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో 2.4 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 1000 సార్లు ఉండాలి, బ్లూటూత్ ఒక్కటే ఉంటే ఆటలకు పనికిరాదు. సెన్సర్ పేరు పెట్టె మీద రాసి ఉండాలి. రాయలేదంటే చెప్పుకోదగ్గది కాదనే నా అభిప్రాయం. 26,000 డీపీఐ అని పెద్ద అంకె చూపిస్తే మురిసిపోవద్దు, పోటీల్లో ఆడేవాళ్ళు ఎక్కువమంది 400కీ 1600కీ మధ్యే పెట్టుకుంటారు. రంగుల దీపాలు బ్యాటరీ తాగుతాయి, హోవీ అయితే మొదట వాటినే పీకేసేవాడు. చిల్లుల మౌస్ నాకు వద్దనిపించింది. మురుకులు తింటూ ఆడే ఇంట్లో దాన్ని శుభ్రం చేసేది ఎవరో మీకు తెలుసు.

బరువు కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది, ఆకారం. ఆడపిల్లల చేతులు చిన్నవైతే పెద్ద చేతి మౌస్ ఎంత తేలికైనా వేళ్ళు చాచి పట్టుకోవాలి, నొప్పి తప్పదు. మణికట్టు దగ్గర నుంచి మధ్యవేలి కొస దాకా టేపుతో కొలవండి. మా అమ్మాయిది 16 సెంటీమీటర్లు. అలాంటి చేతికి 12 సెంటీమీటర్ల లోపు పొడవున్న మౌస్ నయం. కొలత పెట్టె మీద లేకపోయినా కంపెనీ వివరాల్లో ఉంటుంది. మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడడం ఈ మౌస్‌లకు వచ్చే మామూలు జబ్బు కాబట్టి, బిల్లు ఇచ్చి వారంటీ రాసిచ్చే చోటే కొనడం మంచిది.

జీ304 లాంటిది కొని బరువు ఎక్కువనిపిస్తే దానికీ ఒక చిట్కా ఉంది. మామూలు పెన్సిల్ సెల్ బరువు సుమారు 23 గ్రాములు. టీవీ రిమోట్లలో వేసే సన్న సెల్ 12 గ్రాములు కూడా ఉండదు. రెండింటి వోల్టేజీ ఒకటే. సన్న సెల్‌ని లావు సెల్ గూటిలో పట్టించే ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి, ఖరీదు చాలా తక్కువ. సెల్ తొందరగా మార్చాల్సి వస్తుంది, కానీ తొడుగు బరువు పోను కూడా మౌస్ 90 గ్రాముల దగ్గరికి దిగుతుంది. రిమోట్ సెల్స్ ఎలాగూ ఇంట్లో ఉంటాయి. టీవీ వాళ్ళకీ మౌస్ వాళ్ళకీ తగువు రాకుండా ఒక ప్యాకెట్ ఎక్కువ తెచ్చి పెట్టుకుంటే సరి.