పులిచింతల జలాశయము

పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలమందలి పులిచింతలవద్ద కృష్ణానదికి అడ్డముగా కట్టిన ఆనకట్ట 2013 డిసెంబరులో ప్రారంభింపబడినది. ప్రసిద్ధ ఇంజనీరు, కేంద్ర నీటిపారుదల మంత్రిగా పనిచేసిన కానూరి లక్ష్మణరావుగారి పేర దీనిని కె. ఎల్. రావు సాగరమందురు. ఇందులో 45.77 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టును.

ఈ ఆనకట్ట అవసరమేమి? కృష్ణా డెల్టాకు విజయవాడవద్ద 1855 నాటికే ఆనకట్ట ఉండెను. అది 1952లో తెగిపోగా 1957 నాటికి ప్రకాశం బారేజి నిర్మింపబడినది. కాని బారేజి నీటిని కాలువలకు మళ్ళించునే గాని ఎక్కువగా నిలువచేయలేదు. అందు పట్టునది సుమారు 3 శతకోటి ఘనపుటడుగులే. నాగార్జునసాగరము దానికి ఎగువన సుమారు 200 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఈ నడుమ కురిసిన వాననీరు, మూసీనది తెచ్చిన వరద చాలవరకు సముద్రము పాలగుచుండెను. పులిచింతల జలాశయము ఆ నీటిని పట్టి, నారుమళ్ళ అదనున డెల్టాకు అందించును.

అట్లు వదలిన నీరే ఎడమగట్టున, తెలంగాణలోనున్న విద్యుత్కేంద్రమున 30 మెగావాట్ల యంత్రములను నాలుగింటిని త్రిప్పును. ఇందువలన నీరు తరిగిపోదు. అయినను చిక్కొకటి కలదు. పైరుకు అక్కరలేనినాడు విద్యుత్తుకొరకు వదలిన నీటిని బారేజి ఆపజాలదు. 2021 జూన్, జూలైలలో రెండు రాష్ట్రములమధ్య వచ్చిన వివాదమునకు మూలమిదే.

ఆ యేడే ఆగస్టు 5న, 24 తలుపులలో 16వది ఊడి కొట్టుకొనిపోయినది. ఆ ఖాళీలో అడ్డుపలకలు దింపవలెనన్న నీటిమట్టము తగ్గవలెను. అందుచేత నిలువనీటిలో అధికభాగమును క్రిందికి వదలవలసివచ్చినది. వానకారు తుదిని ఇట్లు జరిగియున్నచో మరల నింపుట కష్టమయ్యెడిది.

మరి వరదను ఇది ఆపగలదా? 2024 సెప్టెంబరులో ప్రకాశం బారేజివద్ద సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహించినది. ఆ వేగమున, పూర్తిగా ఖాళీగానున్న పులిచింతల జలాశయమైనను 11 గంటలలో నిండిపోవును. పైగా మున్నేరు ఆనకట్టకు దిగువన కృష్ణలో కలియును గనుక దాని వరద ఇచ్చట ఆగదు.

పంటకొరకు జలాశయము నిండుగా ఉండవలెను. వరదకొరకు కొంత ఖాళీగా ఉండవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు ఎగువ వానల సమాచారము, తలుపుల నిత్యపరీక్ష, దిగువ గ్రామములకు సకాలమున హెచ్చరిక అవసరము. ఆనకట్ట బలము రాతిలోనే గాక ఈ జాగ్రత్తలలోను ఉన్నది.