ఉత్తరదేశ పురాణాలు, పిల్లల అద్భుత నవలలు: పాలమూరు సంఘానికి ఒక చరిత్ర పాఠం

ఉపోద్ఘాతం

గత వేసవి సెలవుల్లో వనపర్తిలో ఒక సండేస్కూలు ఉపాధ్యాయురాలు నా యొద్దకు ఒక ఇంగ్లీషు నవల తెచ్చారు. తరగతిలో ఒక బాలుడు దానిని బైబిలు కింద దాచుకొని చదువుతుండగా పట్టుకొన్నారట. అందులో థోర్ అనే ఉరుముల దేవుడు, ఓడిన్ అనే ఒంటికన్ను దేవుడు, సంకెళ్లు తెంచుకొనే తోడేలు ఉన్నారు. "అయ్యగారూ, ఇవి అన్యదేవతల కథలు గదా, మన పిల్లలను చదువనియ్యవచ్చునా?" అని ఆమె అడిగారు. న్యాయమైన ప్రశ్న. కాని దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పుటకు ముందు, ఈ కథలు మన పిల్లల చేతికి ఏ దారిన వచ్చాయో తెలుసుకోవాలి. ఆ దారిని పరిశీలించి, అది మన సంఘాన్ని ఏమి అడుగుతున్నదో సూచించటం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఈ కథలను కాపాడినదెవరు?

ఉత్తర ఐరోపాలో క్రైస్తవ్యం స్థిరపడుతున్న కాలంలో సంఘంలో రెండు వైఖరులు కనిపిస్తాయి. మొదటిది ఆల్క్విన్ వైఖరి. 797లో ఆయన ఒక బిషప్పుకు లేఖ వ్రాస్తూ, సన్యాసులు భోజన సమయంలో అన్య వీరుల గాథలు వినటాన్ని తీవ్రంగా ఖండించాడు. క్రీస్తుకు, ఆ వీరులకు పొత్తు ఏమిటని ఆయన వాదన.

రెండవది ఐస్‌లాండ్ దేశపు వైఖరి. సుమారు 1000లో ఆ ద్వీపవాసులు తమ మహాసభలో క్రైస్తవ్యాన్ని అంగీకరించారు. తీర్పు చెప్పవలసిన ధర్మవక్త థోర్గైర్ స్వయంగా అన్యుడు. అతడు ఒక పగలు, ఒక రాత్రి దుప్పటి కప్పుకొని మౌనంగా పడుకొని ఆలోచించి, దేశమంతటికీ ఒకే ధర్మం ఉండాలని ప్రకటించాడు. అందరూ బాప్తిస్మం పొందారు. కథలు మాత్రం నోటి మీద నిలిచాయి.

రెండు శతాబ్దాల తరువాత స్నోరి స్టుర్లుసన్ (1179–1241) అనే క్రైస్తవ పండితుడు యువకవుల కోసం 'ఎడ్డా' అనే గ్రంథం రచించాడు. పాత దేవతల కథలు తెలియకపోతే పూర్వకవుల పద్యాలు అర్థం కావని అతని చింత. అతడు గ్రంథాన్ని ఆదాము హవ్వలతోను, నోవహు జలప్రళయంతోను ప్రారంభించి, మనుష్యులు దేవుని నామాన్ని మరచిన వైనం చెప్పి, ఈ దేవతలు ఆసియా నుండి వచ్చిన పూర్వపు మనుష్యులేనని వివరించాడు. అనగా అతడు వారిని పూజించలేదు, చెరిపివేయనూ లేదు.

ఈ కథలున్న పాత పద్యాల ముఖ్య వ్రాతప్రతి 13వ శతాబ్దానికి చెందినది. 1643లో అది స్కాల్‌హోల్ట్ బిషప్పు బ్రిన్యోల్వుర్ స్వెయిన్సన్ చేతికి వచ్చింది. ఆయన దానిని 1662లో డెన్మార్కు రాజుకు పంపాడు. 1971లో అది ఐస్‌లాండుకు తిరిగి చేరింది. మూడు వందల సంవత్సరాలకు పైగా పరదేశంలో ఉన్న పుస్తకానికి ఆ చిన్న దేశం రేవులో జనసమూహంతో స్వాగతం పలికింది. థోర్, ఓడిన్ కథలు నేటికి మిగలటానికి వారిని కొలిచినవారు కాదు, కొలువని క్రైస్తవులే ప్రధాన కారకులు. ఈ సంగతి మన చర్చలో మరువరాదు.

2. ఆక్స్‌ఫర్డు స్నేహితులు

ఈ పురాణాలు పిల్లల నవలల్లో ప్రవేశించటానికి ఇద్దరు క్రైస్తవ ఆచార్యులు ముఖ్య కారకులు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ బాల్యంలో ఆండ్రూ లాంగ్ కూర్చిన కథల సంపుటంలో సిగుర్డ్ అనే వీరుడు మహాసర్పాన్ని చంపిన కథ చదివాడు. సి.ఎస్. లూయిస్ బాల్యంలో బాల్డర్ అనే సౌమ్యుడైన దేవుని మరణం గూర్చిన పద్యం చదివి, చెప్పనలవి గాని ఆశకు లోనయ్యానని 1955లో వెలువడిన తన ఆత్మకథలో తెలిపాడు. బాల్డర్‌కు హాని చేయబోమని సృష్టిలోని వస్తువులన్నీ ప్రమాణం చేశాయి. ఒక చిన్న బదనిక మొక్కను మాత్రం ఎవరూ అడుగలేదు. లోకి అనే కపటి ఆ కొమ్మనే ఒక గ్రుడ్డివాని చేత విసరించి అతనిని చంపించాడు.

టోల్కీన్ 1926లో ఐస్‌లాండ్ గాథలను మూలభాషలో చదువుటకు ఆక్స్‌ఫర్డులో ఒక చిన్న సంఘం నెలకొల్పాడు. లూయిస్ అందులో చేరాడు. అప్పటికి అతనికి క్రీస్తునందు విశ్వాసం లేదు. 1931 సెప్టెంబరు 19 రాత్రి టోల్కీన్, హ్యూగో డైసన్ అతనితో కళాశాల తోటలో నడుస్తూ చాలా ప్రొద్దుపోయే వరకు మాట్లాడారు. చనిపోయే దేవుని కథ అన్యపురాణాల్లో ఉంటే కదిలిపోయే నీవు, సువార్తలో అదే ఎదురైతే ఎందుకు తొలగిపోతావన్నది వారి ప్రశ్న. కొద్ది దినాలకే లూయిస్ విశ్వాసి అయ్యాడు. క్రీస్తు వృత్తాంతం నిజంగా జరిగిన పురాణమని ఆ అక్టోబరులో తన మిత్రునికి లేఖ వ్రాశాడు. మంచుదేశపు అన్యకథ ఒకటి అతని హృదయంలో సువార్తకు బాట దున్నింది.

3. ఏమి తీసుకొన్నారు, ఏమి మార్చారు?

1937లో వచ్చిన 'ది హాబిట్' నవలలో మరుగుజ్జుల పేర్లు దాదాపు అన్నీ, మాంత్రికుడు గాండాల్ఫ్ పేరుతో సహా, పాత ఎడ్డా పద్యంలోని జాబితా నుండి తీసుకొన్నవే. గాండాల్ఫ్ రూపంలో సంచారియైన ఓడిన్ ఛాయ ఉన్నదని టోల్కీన్ స్వయంగా ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. అయితే ఓడిన్ తన వీరులను మోసగించి మరణానికి పంపేవాడు. గాండాల్ఫ్ బలహీనుల కొరకు తన్ను తాను ఇచ్చుకొనేవాడు. వేషం పాతది, మనస్సు క్రొత్తది.

లూయిస్ వ్రాసిన నార్నియా కథల్లో మొదటిది 1950లో వెలువడింది. అందులో క్రిస్మస్ రాని అంతులేని చలికాలం ఉంది. ఉత్తరదేశ పురాణంలో లోకాంతానికి ముందు వచ్చే మహాశీతకాలాన్ని అది గుర్తుకు తెస్తుంది. మంత్రగత్తె సేవకుడైన తోడేలుకు తొలి అమెరికా ముద్రణలో ఓడిన్‌ను మ్రింగే తోడేలు పేరే పెట్టారు. 1956లో వచ్చిన చివరి నవలలో నక్షత్రాలు రాలి, లోకం చీకటవుతుంది. పాత పురాణంలోనూ దేవతలు ఓడిపోతారు, తరువాత భూమి మరల లేస్తుంది, బాల్డర్ తిరిగి వస్తాడు. లూయిస్ ఆ చిన్న ఆశను తీసుకొని పునరుత్థాన నిరీక్షణగా విస్తరించాడు.

తరువాతి రచయితలందరూ ఈ మార్గంలో నడవలేదు. ఆలన్ గార్నర్ 1960లో ఫ్రేయా దేవత కంఠహారం పేరును తన నవలకు పెట్టాడు. డయానా విన్ జోన్స్ 1975లో లోకిని పాఠశాల బాలుని స్నేహితునిగా చేసింది. రిక్ రియోర్డన్ 2015 నుండి ఈ దేవతలను నేటి అమెరికా నగరాల్లో నడిపించాడు. వీటిలో వినోదం హెచ్చు, విశ్వాస చింతన తక్కువ. అంతకంటె హానికరమైన వినియోగమూ జరిగింది. హిట్లర్ పరివారం ఈ పురాణాలను జాతి గర్వానికి వాడుకొన్నది. తాను ప్రేమించిన ఉత్తరదేశ స్ఫూర్తిని అతడు పాడుచేశాడని టోల్కీన్ 1941లో కుమారునికి బాధతో వ్రాశాడు. కావున ఒకే కథ ఒకని చేతిలో దీపం, ఇంకొకని చేతిలో కొరివి కాగలదు.

4. తెలుగు పిల్లలకు దక్కినది

తెలుగులో ఇట్టి కార్యం 'చందమామ' చేసింది. 1947లో ప్రారంభమైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు అద్భుత ధారావాహికలు రచించారు. యక్షులు, రాక్షసులు, మాంత్రికులు మన జానపద భాండాగారం నుండి వచ్చినవారే. అయినా అది చాలవరకు రాజకుమారుల, కోటల లోకం. మాల మాదిగ వాడల నోటికథలకు ఆ పుటల్లో చోటు దొరకటం అరుదు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సామాన్యుల ఆటపాటలను కూడ చరిత్రకు ఆధారాలుగా తీసుకొన్నారు. మన సంఘ చరిత్రకారులు ఆ బాట పట్టలేదు.

5. మనం పోగొట్టుకొన్నది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మెన్నొనైట్ బ్రదరన్ మిషను కేంద్రాలు. ఈ సంఘాల్లో అధికులు మాదిగ, మాల వాడల నుండి వచ్చినవారు. మాదిగలకు జాంబపురాణం ఉంది. చిందువారు ఆడి, డక్కలివారు పటం చూపి చెప్పే ఆ గాథలో, భూమి పుట్టకముందే పుట్టిన జాంబవుడు కులమూలపురుషుడు. ఒక గోవు విషయమై జరిగిన అపచారం వలన అతని సంతతి అగ్రస్థానం కోల్పోయిందని చెప్పుతారు. ఎడ్డాలోనూ సృష్టి మొదట ఒక గోవు ఉన్నది. అది మంచురాళ్లను నాకగా ఆదిపురుషుడు బయటపడ్డాడు. ఈ రెంటికి చారిత్రక సంబంధం ఉన్నదని నేను అనటం లేదు. ఒకటి ప్రపంచమంతటి పిల్లల చేతుల్లో ఉన్నది, రెండవది మన వాడల్లోనే వినబడకుండా పోతున్నది.

మా నాయనమ్మకు ఈ కథ తెలుసు. నాగర్‌కర్నూలు ప్రక్క పల్లెలో బాల్యంలో ఆమె ఎన్నో రాత్రులు చిందు భాగోతం చూసిందట. చెప్పమని నేనొకసారి అడిగితే, "వదిలేసినం బిడ్డా, అవి ఇప్పుడు మనవి గావు" అన్నది. ఆమె విశ్వాసం నిజమైనది, ఆ మాటలోని విధేయతా నిజమైనదే. అయితే ఆమెతో కథ కూడ సమాధి అయింది. నేను దైవశాస్త్ర పట్టాతో సేవకు వచ్చిన తొలి దినాల్లో చిందు భాగోతానికి పోవద్దని ప్రసంగించాను కూడ. నాడు నాలో ఆల్క్విన్ మాట్లాడాడు.

మన తెలుగు సంఘాల మధ్య సేవ చేసిన పాల్ హీబర్ట్ (1932–2007) ఇక్కడ మనకు దారి చూపుతాడు. పాతదాన్ని గ్రుడ్డిగా త్రోసివేస్తే అది చాటుగా బ్రతుకుతుంది, గ్రుడ్డిగా స్వీకరిస్తే విశ్వాసం కలుషితమవుతుంది. కావున సంఘమే దానిని బయట పెట్టి, అర్థం గ్రహించి, వాక్యపు వెలుగులో పరీక్షించి నిర్ణయించాలని ఆయన బోధించాడు. పౌలు ఏథెన్సులో అన్యకవుల మాటను ఎత్తుకొనటం (అపొ. కా. 17) ఇట్టి పరీక్షకు ఆధారం. అదే పౌలు ఆ పట్టణపు విగ్రహాలను చూచి ఆత్మలో పరితపించాడనీ మరువరాదు.

ముగింపు

ఆ ఉపాధ్యాయురాలితో నేను ఇట్లు చెప్పాను: పుస్తకం అబ్బాయికి తిరిగి ఇవ్వండి. దాచుకొని కాక మీ ఎదుట చదువనియ్యండి. థోర్ ఎందుకు దేవుడు కాడో, బాల్డర్ మరణం మన మనస్సును ఎందుకు కదిలిస్తుందో వానితో మాట్లాడండి. భయపెట్టి పుస్తకం లాక్కొంటే వానికి కథా దక్కదు, వివేచనా దక్కదు.

ఆమె మరొక ప్రశ్న వేశారు: "మరి మన కథలు ఏవి అయ్యగారూ?" దానికి నా యొద్ద సిద్ధంగా జవాబు లేదు. ఆ ఆదివారం పిల్లలకు ఒక పని మాత్రం ఇచ్చాము. ప్రతి ఒక్కరు తమ అవ్వతాతల వద్ద కూర్చుండి, వారు చిన్ననాడు విన్న కథ ఒకటి నోటుబుక్కులో వ్రాసుకొని రావాలి. పదకొండు మంది వ్రాసి తెచ్చారు. వాటిలో రెండు జాంబవుని కథలు. ఒకటి సగంలోనే ఆగింది. ఆ అవ్వకు తరువాతి భాగం గుర్తు రాలేదట.

పూజించకుండానే కాపాడవచ్చునని స్నోరి ఎనిమిది వందల సంవత్సరాల క్రితమే చూపించాడు. మన సంఘాల్లో ఆ పని చేయగల అవ్వలు ఇంకా కొందరు ఉన్నారు. వారు ఉండగానే పాలమూరు కాపరులు వారి యొద్ద కూర్చుండాలని నా మనవి.